ఎలక్ట్రా కేఫ్ రేసర్‌కి సింగిల్ సీటు టెయిల్ తీసేసి ఇద్దరు కూర్చునే టెయిల్ వేయించొచ్చా?

కృష్ణలంక_బుల్లెట్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నా దగ్గర 2012 రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఎలక్ట్రా 350 ఉంది, యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండేది). కేఫ్ రేసర్‌గా, అంటే పాత రేసు బండి స్టైల్లోకి, మార్పించింది నేను కాదు, రెండేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పటికే అలా ఉంది. క్లిప్-ఆన్ హ్యాండిల్ (ముందుకు వంగి పట్టుకునేది), రేర్‌సెట్లు (వెనక్కి జరిపిన ఫుట్‌రెస్టులు), వెనక జానెడు సీటు, దాని వెనక ఎద్దు మూపురంలా ఫైబర్ కౌల్ (తొడుగు). మడ్‌గార్డు లేదు, నంబర్ ప్లేటు ఎడమ షాక్ అబ్జార్బర్ కింద బ్రాకెట్‌కి వేలాడుతుంటుంది. వానాకాలం నా చొక్కా వీపు మీద బురద చార చూసి నేను ఏ రోడ్లో వచ్చానో చెప్పేవాడు మా తమ్ముడు. అప్పుడు ఒక్కడినే కాబట్టి ఇబ్బంది అనిపించలేదు.

మొన్న ఫిబ్రవరిలో పెళ్ళయింది. మా ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాగుంది, మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది. అప్పటినుంచి గుడివాడ అత్తగారింటికి బస్సులోనే వెళ్తున్నాం. బండేమో ఇంట్లో కవర్ కప్పుకుని ఉంటోంది.

ఇప్పుడు ఆ మూపురం తీసేసి, చదునుగా ఉండే పొడుగు సీటు, వెనక చిన్న పైకి లేచిన టెయిల్ వేయిద్దామని. ఆన్‌లైన్‌లో ఒక ఫైబర్ టెయిల్ చూశాను, అమ్మేవాడు "డైరెక్టు ఫిట్టింగ్, నాలుగు బోల్టులే" అంటున్నాడు. కానీ నా బండికి షాక్ పై బోల్టు దాటాక ఫ్రేమ్ పైపులు నాలుగు అంగుళాలే ఉన్నాయి, పాత ఓనర్ కోయించేశాడు. ఇక్కడొక షాపులో అడిగితే పైపు వంచి అతికించి, సీటుతో కలిపి ఒక్కరోజులో ఇస్తాం, 6,500 అన్నారు. ఒక్కరోజు అనేసరికే నాకు టెన్షన్. అలా అతికించిన పైపు మీద మనిషిని కూర్చోబెట్టొచ్చా? కొత్త టెయిల్‌కి ఎల్ఈడీ పట్టీ లైటు వస్తుంది, దానికి వైరింగ్ ఏమైనా మార్చాలా? పోలీసుల గొడవ ఏమైనా ఉంటుందా?

తారురోడ్డు_రాజా:

బ్రో ఇంత ఆలోచించక్కర్లేదు. నా స్ప్లెండర్‌కి నేను ముప్పావు అంగుళం పైపు వంచి వేయించాను, రెండేళ్ళయింది, ఏమీ కాలేదు. పోలీసులు హెల్మెట్ చూస్తారు, టెయిల్ ఎవడు చూస్తాడు. 6,500 ఎక్కువ, బేరమాడు.

ఇనుము_పని:

తమ్ముడూ, నేను ఆటోనగర్‌లో పంతొమ్మిదేళ్ళుగా వెల్డింగ్ పనిలో ఉన్నాను. ఎక్కువగా లారీ చాసిస్‌లు, ట్రాలీలు. బైకులు తక్కువే చేస్తాను గానీ విరిగి వచ్చినవి చాలా చూశాను. పైన రాజా గారి స్ప్లెండర్ రెండేళ్ళు నిలిచిందంటే సంతోషమే, కానీ ఆయన వెనక ఎవరైనా కూర్చున్నారో లేదో రాయలేదు. అసలు తేడా అక్కడే ఉంది.

నువ్వు టెయిల్ గురించి అడుగుతున్నావు. టెయిల్ అంటే పైన కనబడే తొడుగే, ఫైబరో రేకో ఏదైనా ఒకటే. బరువు మోసేది దాని కింద పైపు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ పైపు షాక్ బోల్టు దాటి వెనక్కి వెళ్ళి, గుండ్రంగా తిరిగి, రెండో పక్కకి కలుస్తుంది. దాన్నే అందరం లూప్ అంటాం. నీ పాత ఓనర్ కోయించింది ఆ లూప్‌నే. నీ సీట్లో నువ్వు షాక్‌కి ముందు కూర్చుంటావు కాబట్టి నీ బరువు నేరుగా షాక్‌ల మీద, ఫ్రేమ్ మీద పడుతుంది, అందుకే ఇన్నాళ్ళు నడిచింది. వెనక మనిషి కూర్చునేది షాక్ బోల్టుకి వెనక. బోరింగు పంపు కొట్టేటప్పుడు హ్యాండిల్ చివర పట్టుకుంటే తేలిగ్గా వస్తుంది కదా, ఆ చివర మన చెయ్యి ఎంత నొక్కుతుందో లోపల మొదట్లో అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఇదీ అంతే. 60 కేజీల మనిషి షాక్ బోల్టుకి పది అంగుళాలు వెనక కూర్చుంటే ఆ బోల్టు దగ్గర పడే మెలి 150 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, అది కూడా బండి ఆగి ఉన్నప్పుడు. గోతిలో పడితే రెండు మూడు రెట్లు.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. మీ ఆవిడ చీర కట్టుకుంటే ఒకవైపు తిరిగి కూర్చుంటుంది కదా? అప్పుడు బరువు రెండు పైపుల మీద సమానంగా పడదు, ఎడమ పైపు కిందికి లాగుతుంది, లూప్ మొత్తం మెలి తిరుగుతుంది. యూట్యూబ్‌లో విదేశీ బళ్ళకి లూప్ అతికించే వీడియోలు చూసి చేసేవాళ్ళు ఈ సంగతి లెక్కలోకి తీసుకోరు, అక్కడ ఎవరూ అలా కూర్చోరు కాబట్టి. అందుకే లూప్ మధ్యలో ఒక అడ్డ పైపు తప్పనిసరి. ఒక్కో పక్క కింద నుంచి ఏటవాలుగా ఒక దన్ను పైపు కూడా పెడితే మంచిది, త్రికోణం కుదిరితే ఇనుము ఊగదు.

అతుకు ఎలా వెయ్యాలో కూడా చెప్తాను, నువ్వు పక్కన నిలబడి చూడాలి. పైపుకి పైపు ఎదురెదురుగా పెట్టి చుట్టూ వెల్డింగ్ కొడితే సరిపోదు. లోపల బిగుతుగా పట్టే ఇంకో గొట్టమో కడ్డీ ముక్కో లేత్ మీద తీయించి దూర్చాలి, రెండు వైపులా కనీసం రెండేసి అంగుళాలు లోపలికి వెళ్ళాలి. బయటి పైపుకి రెండు పక్కలా 8 ఎంఎం బెజ్జాలు వేసి ఆ బెజ్జాల్లోంచి లోపలి ముక్కకి వెల్డింగ్ నింపాలి, ఆ తర్వాతే చుట్టూ కొట్టాలి. మిగ్ గానీ టిగ్ గానీ (గ్యాస్ వాడి చేసే వెల్డింగ్) అయితే మేలు, చెయ్యి తిరిగినవాడైతే మామూలు ఆర్క్‌తో కూడా చేస్తాడు. పైపు ఫ్రేమ్‌కి సరిపోయే సైజులో, 2 ఎంఎం తగ్గని మందంలో ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు ఉండాలి. నీళ్ళ లైనుకి వాడే జీఐ పైపు మాత్రం వద్దే వద్దు. దాని మీద ఉన్న జింకు వెల్డింగ్‌లో కాలి పొగ అవుతుంది, ఆ పొగ పీల్చినవాడికి సాయంత్రానికి జ్వరం, అతుకులో బుడగలు. పని అయ్యాక నున్నగా గ్రైండింగ్ కొట్టి చూపించేవాడిని నమ్మకు. అతుకు పైకి కనిపించాలి, అప్పుడే రేపు పగులొస్తే తెలుస్తుంది.

ఇవన్నీ కొత్త పైపు సంగతి. ముందు ఆ మూపురం ఊడదీసి పాత కోత ఎలా ఉందో చూడు. అది చూడకుండా ఏ టెయిలూ ఆర్డర్ పెట్టకు. షాక్‌ల చుట్టూ పెయింటు వైర్ బ్రష్‌తో తీసెయ్, లప్పం ఉంటే అదీ తీసెయ్. ఇనుము బయటపడ్డాక కిరోసిన్ పూసి ఓ పది నిమిషాలుంచి గుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్ద పొడి రాయి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ మళ్ళీ ఊరి సుద్ద మీద గీతలా కనబడుతుంది. మా గురువుగారు నేర్పిన పద్ధతి ఇది.

కృష్ణలంక_బుల్లెట్:

అన్నా, దండాలు. ఒకవైపు కూర్చునే సంగతి నాకు తట్టనే లేదు. ఈ ఆదివారం ఊడదీస్తాను.

మూడో_గేరు:

ఇనుము అన్న చెప్పినదానికి తిరుగులేదు. నేను ఇంకోటి అడుగుతాను. వెనక కూర్చున్నవాళ్ళు కాళ్ళెక్కడ పెడతారు? రేర్‌సెట్లు ఉన్నాయన్నారు. చాలావరకు అవి వెనక ఫుట్‌రెస్టులు ఉండాల్సిన చోటే బిగిస్తారు. అంటే మీ బండికి ఇప్పుడు వెనక ఫుట్‌రెస్టులే లేవన్నమాట. సీటు వేసుకుని, అందంగా టెయిల్ పెట్టించుకుని, ఆఖరిరోజు తెలుసుకునే సంగతి ఇది. నాకు అలాగే తెలిసింది, అందుకే చెప్తున్నా. రేర్‌సెట్లు తీసి మామూలు చోట ఫుట్‌రెస్టులు పెట్టుకుంటారా, లేకపోతే వెనక్కి ఇంకో బ్రాకెట్ చేయిస్తారా అనేది ముందే తేల్చుకోండి. కొందరు స్వింగ్‌ఆర్మ్‌కి (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే భాగానికి) వేసేస్తారు, పాత వంద సీసీ బళ్ళలో కంపెనీవాళ్ళే అలా ఇచ్చేవాళ్ళు, కానీ కాళ్ళు చక్రంతోపాటు ఎగురుతుంటాయి, గుడివాడ దాకా అలా కూర్చోవడం కష్టం.

ఇంకొకటి, లూప్ కింద టైరుకి ఖాళీ. స్టాండు మీద చూసి నాలుగు అంగుళాలుందిలే అనుకోవద్దు. రెండు షాక్‌లూ ఊడదీసి చక్రాన్ని చేత్తో పైకెత్తండి, షాక్ పూర్తిగా నొక్కుకుపోతే చక్రం ఎక్కడిదాకా వస్తుందో అక్కడిదాకా. ఆ తర్వాత కూడా రెండు వేళ్ళ ఖాళీ ఉండాలి. ఎలక్ట్రాకి వెనక 19 అంగుళాల చక్రం, మీ పాత ఓనర్ దానికి లావు టైరు ఎక్కించి ఉంటే లెక్క ఇంకా మారిపోతుంది. లైటు వైర్లు కూడా అక్కడినుంచే పోతాయి, టైరు ఒకసారి తగిలితే చాలు వైరు తెగి టెయిల్ లైటు ఆరిపోతుంది, మీకు తెలియదు, వెనకొచ్చే లారీవాడికి మీరు కనబడరు.

సీటు పొడుగు కనీసం 24 అంగుళాలు పెట్టించండి. ఫోటోల్లో కనిపించే పల్చటి సీట్లు ఫోటోలకే పనికొస్తాయి.

కరెంటు_పిచ్చోడు:

వైరింగ్ నా వంతు. చిన్నదే.

టెయిల్ లైటుకి మూడు వైర్లు వస్తాయి, ఎర్త్, లైటు, బ్రేకు. ఎల్ఈడీ పట్టీకి కూడా మూడే. రంగులు కలవవు, రంగు చూసి కలపొద్దు, మల్టీమీటర్‌తో చూడండి. బ్రేకు వైరు, లైటు వైరు తారుమారైతే లైటు వేసినప్పుడల్లా బ్రేకు వేసినంత వెలుగు వస్తుంది, బ్రేకు నొక్కితే తేడా తెలియదు. ఇండికేటర్లు కూడా ఎల్ఈడీ వేస్తే టకటకటక వేగంగా కొట్టుకుంటాయి, కంగారు పడొద్దు, పాత ఫ్లాషర్ రిలే బల్బుల లోడు మీద ఆధారపడుతుంది కాబట్టి అలా. ఎల్ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ మారిస్తే అయిపోతుంది. రెసిస్టర్లు పెట్టేవాళ్ళున్నారు, అవి కాలుతుంటాయి, సీటు కింద అంత వేడి దేనికి.

అన్నిటికంటే ముఖ్యం, వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ రెండు టెర్మినళ్ళూ తీసెయ్యండి, మీది కార్బురేటర్ బండే అయినా ఇగ్నిషన్‌కి టీసీఐ అనే ఎలక్ట్రానిక్ యూనిట్ ఉంటుంది, దాని కనెక్టర్ కూడా పీకెయ్యండి. ట్యాంకు దించెయ్యండి. వెల్డర్ ఎర్త్ క్లాంపు అతుకుకి దగ్గర్లో పెట్టాలి. ముందు చక్రానికో ఇంజన్‌కో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోతుంది. మా బావమరిది బండి అలాగే మాడింది, షాపువాడేమో "ముందే పోయింది సార్" అన్నాడు.

ఆర్‌సీ_చదివినవాడు:

హైదరాబాద్ నుంచి. పోలీసుల సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, తారురోడ్డు గారు చెప్పింది అయితే మరీ.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణలో 182ఎ సెక్షన్ వచ్చింది, చట్టం అనుమతించని మార్పు ఓనర్ చేస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాట గమనించండి. మీ బండిలో సైలెన్సర్, హ్యాండిల్, మడ్‌గార్డు అని లెక్కపెట్టడం మొదలెడితే...

అయితే మీ కేసులో తమాషా ఏంటంటే, మీరు చేయబోయేది ఒరిజినల్‌కి దగ్గరయ్యే పని. ఆర్‌సీ తీసి చూడండి, సీటింగ్ కెపాసిటీ 2 అనే ఉంటుంది. పాత ఓనర్ దాన్ని ఒకటి చేశాడు, మీరు మళ్ళీ రెండు చేస్తున్నారు. నా మాట వింటే ఫ్యాషన్ టెయిల్ మానేసి ఒరిజినల్ ఎలక్ట్రా కొలతల్లోనే లూప్ కట్టించి, ఒరిజినల్ మడ్‌గార్డు, ఒరిజినల్ సీటు పెట్టేయమంటాను. వినరని తెలుసు.

వినకపోయినా ఈ మూడూ వదలొద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123 ప్రకారం వెనకవాళ్ళు పట్టుకోవడానికి పర్మనెంటుగా హ్యాండిల్ ఉండాలి, ఫుట్‌రెస్టు ఉండాలి, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు ఉండాలి, అదే శారీ గార్డు. కేఫ్ రేసర్‌కి శారీ గార్డు ఏంటని నవ్వుతారు. చున్నీ చక్రంలో చుట్టుకున్న కేసు నేను కళ్ళారా చూశాను, ఆ తర్వాత నవ్వు రాలేదు. నంబర్ ప్లేటు కూడా షాక్ పక్కనుంచి తీసి వెనక మధ్యలో పెట్టించండి, 200 బై 100 మిల్లీమీటర్ల ప్లేటు పట్టేలా, రాత్రి దాని మీద తెల్ల లైటు పడేలా. ఇన్సూరెన్సువాళ్ళకి మార్పుల సంగతి చెప్పకుండా ఉంటే క్లెయిమ్ రోజున వాళ్ళే మీకు చెప్తారు.

స్టుట్‌గార్ట్_తెలుగోడు:

ఇక్కడ జర్మనీలో నా పాత బండికి లూప్ మార్పిస్తే టీయూవీ (బళ్ళు తనిఖీ చేసే సంస్థ) ఇంజనీరు వెల్డింగ్ ఎవరు చేశారు, సర్టిఫికెట్ ఉందా, పైపు మందం ఎంత అని ఒక్కో అంగుళం చూశాడు. సంతకం పెట్టి కాగితాల్లో ఎక్కిస్తేనే రోడ్డు మీదికి. అప్పట్లో తిట్టుకున్నాను. ఒక విషయం చెప్పాలి, చివరికి నేను సింగిల్ సీటుగానే రాయించుకున్నా, ఇద్దరికి పాస్ చేయించాలంటే ఖర్చు రెట్టింపు అన్నారు. మీ ఆవిడ అడిగిన ప్రశ్న మా ఆవిడ కూడా అడిగింది, ఆవిడ ఇప్పుడు కారు నడుపుతోంది.

సీటు_మీద_సీటు:

రెండూ కావాలంటే మధ్యే మార్గం ఉంది కదా. బజాజ్ వీ15 గుర్తుందా, 2016లో విక్రాంత్ నౌక ఇనుము వాడామని చెప్పి వదిలిన బండి? దానికి వెనక సీటు మీద కౌల్ తగిలించి వచ్చేది, తీసేస్తే ఇద్దరి సీటు, పెడితే సింగిల్ సీటు. అదే ఐడియా. కింద ఇద్దరి బరువు మోసే లూప్ కట్టించి, పొడుగు సీటు కుట్టించి, మీ పాత మూపురాన్నే అడుగు కోసి రెండు నాబ్‌లతో సీటు మీద తగిలేలా చేయించండి. ఒక్కరే వెళ్ళేటప్పుడు మూపురం, ఇద్దరైతే ఇంట్లో పడేయడం.

కృష్ణలంక_బుల్లెట్:

అప్‌డేట్. ఆదివారం మూపురం తీశాను. ఇనుము అన్నా, మీకు ముందే తెలుసా ఏంటి?

కుడి పక్క పైపు మీద వేలెడు మందం లప్పం. గోకాను. కింద, కోసిన చోటికి ఒక అంగుళం ముందు, పాత ఓనర్ పైపుని ఒకసారి తప్పు చోట కోయించి మళ్ళీ అతికించినట్టున్నాడు. అతుకు చుట్టూ సగమే వెల్డింగ్ ఉంది, అడుగు పక్క, ఎవరికీ కనిపించని పక్క, వెల్డింగే లేదు. లోపల ముక్కా లేదు. కిరోసిన్, సుద్ద పద్ధతి చేశాను, పై పక్క కూడా వెంట్రుకలా నల్ల గీత కనబడింది. రెండేళ్ళు దీని మీద శ్రీశైలం ఘాట్ రోడ్డు కూడా వెళ్ళొచ్చాను.

ఫైబర్ టెయిల్ ఆర్డర్ క్యాన్సిల్ చేశాను. ఫోటోలు పంపితే చూస్తారా అన్నా?

ఇనుము_పని:

చూశాను. బండి కదిలించకు, ట్రాలీ ఆటోలో తీసుకురా. ఆ అతుకు ముందు దాకా కోసేసి మంచి పైపు దగ్గరినుంచి మొదలెడదాం. చాసిస్ నంబర్ హ్యాండిల్ తల దగ్గర ఉంటుంది కాబట్టి దాని జోలికి వెళ్ళం. రెండు రోజుల పని, ఒక్కరోజు కాదు. ముందు టాక్ (చుక్కల్లా తాత్కాలిక వెల్డింగ్) వేసి వదిలేస్తాను, నువ్వు సీటు, చక్రం, మడ్‌గార్డు అన్నీ పెట్టి ఖాళీ చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్. ఒరిజినల్ మడ్‌గార్డు పాతది ఎక్కడైనా దొరికితే పట్టుకురా, లూప్‌కి కొలత దాన్నుంచే తీసుకుందాం.

కృష్ణలంక_బుల్లెట్:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. లూప్ అయింది, మధ్యలో అడ్డ పైపు, రెండు పక్కలా దన్నులు. అతుకులు పైకి కనిపిస్తున్నాయి, గ్రైండింగ్ కొట్టనివ్వలేదు, పెయింటు మాత్రం వేశారు. రేర్‌సెట్లు తీసేసి మామూలు చోటే ఫుట్‌రెస్టులు పెట్టాం, దాంతో క్లిప్-ఆన్‌లు కూడా కుదరలేదు, మామూలు హ్యాండిల్ వచ్చేసింది. అంటే కేఫ్ రేసర్‌లో మిగిలింది మూపురం ఒక్కటే, అది అటక మీద ఉంది, నాబ్‌ల ఐడియా తర్వాత చూద్దాం. శారీ గార్డు నల్ల రంగు వేయించాను, దూరం నుంచి అంత కనబడదు.

రాజా బ్రో, నీ స్ప్లెండర్ లూప్ కూడా ఒకసారి సుద్ద రాసి చూడు, ప్లీజ్.

సీటు ఇంకా కుట్టించలేదు. ఫోమ్ మందం ఎంత పెట్టించనని మా ఆవిడని అడిగితే, "నువ్వు చెప్తే పల్చగా కుట్టేస్తారు, నేనే వస్తా" అంది. రేపు పొద్దున ఇద్దరం వెళ్తున్నాం. వెళ్ళేది బస్సులోనే.

తారురోడ్డు_రాజా:

సుద్ద ఎంతసేపు ఉంచాలి బ్రో?